గాలికి పట్టా

2008 అక్టోబరు 15న మెదక్ జిల్లా మాచునూర్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్ మొదలైంది. ప్రారంభించడానికి వచ్చినాయన మంత్రి కాదు, సినిమా నటుడూ కాదు. డెబ్బై ఎనిమిదేళ్ల రిటైర్డు న్యాయమూర్తి, పేరు పి.బి. సావంత్. పదమూడేళ్ల కిందట సుప్రీంకోర్టులో తాను రాసిన తీర్పు దేశంలో ఏ మూలైనా మొలకెత్తిందా అని చూసుకోవడానికే ఆయన జహీరాబాద్ దాకా వచ్చి ఉంటాడని నా ఊహ. మొలకెత్తింది. కంది చేల మధ్య, పచ్చసాలె బడి ఆవరణలో, ఎకరం రెండెకరాల దళిత ఆడవాళ్ల చేతుల మీదుగా మొలకెత్తింది.

మైకు ముందు కూర్చునే ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకామె జనరల్ నర్సమ్మ, ఇంకొకామె అల్గోల్ నర్సమ్మ. రోజూ రాత్రి ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా, 90.4 మీద, తమ ఊళ్ల మాటలో మాట్లాడటం వాళ్ల పని. ఆ రెండు గంటల కోసం వాళ్లు పదేళ్లు ఆగారు. స్టూడియో ఉంది, మైకు ఉంది, మాట్లాడే మనిషి ఉంది, వినే ఊరుంది. గాలిలోకి వదలడానికి ప్రభుత్వం సెలవు మాత్రం లేదు.

(తేదీలు, పేర్లు, జరిగిన సంగతులు ఉన్నవి ఉన్నట్టు రాశాను. పేరు లేకుండా మాట్లాడే మనుషులూ వాళ్ల మాటలూ మాత్రం నా కల్పన.)

ఈ కథ నాకు గుర్తొచ్చింది జహీరాబాద్‌లో కాదు, అరకు సంతలో.

* * *

సంత బాగా నిండిన వేళ. అల్లం, పసుపు, అడ్డాకుల కట్టలు, ఎండు చేపలు, ప్లాస్టిక్ బిందెలు. ఒక జీపు సంత పక్కన ఆగింది. పైన కట్టిన మైకులో దోమతెరలు ఎలా కట్టుకోవాలో, జ్వరం వస్తే ఎక్కడికి పోవాలో చెబుతున్నారు. మంచి సంగతే. గొంతు బాగుంది, ఉచ్చారణ ఇంకా బాగుంది, పాఠ్యపుస్తకం చదివినట్టుంది. అడ్డాకులు అమ్మే ముసలామె తల ఎత్తి, పక్కనున్న మనవరాలి వైపు చూసింది.

"ఏమంటున్నాడే?"

"దోమలంట, అవ్వా."

"దోమలకేమైందంట?"

పిల్ల నవ్వింది. జీపు వెళ్లిపోయింది. బడిలో తెలుగు చదువుకున్న పిల్ల తన కొటియా మాటలో అవ్వకు అర్థం చెప్పేలోగా, చెప్పాల్సినాయన పక్క ఊరికి చేరిపోయాడు.

అరకు చుట్టుపక్కల ఒక్క సంతలో ఎన్ని మాటలు వినపడతాయో కొండ కింది వాళ్లకు తెలియదు. కోందులు మాట్లాడే కువి ఉంది. కొండదొరల కూబి ఉంది. గదబల మాట ఉంది. వీళ్లందరినీ కలిపే ఆదివాసీ ఒడియా ఉంది. కొటియా అన్నా, దేశియా అన్నా అదే. ఆ తరవాత తెలుగు. తెలుగు ఇక్కడ ఆఫీసు భాష, బడి భాష, జీపు భాష.

ఆ జీపు మైకు చూశాకే నాకు మాచునూర్ మైకు గుర్తొచ్చింది. రెండూ మైకులే. ఒకటి చెప్పి వెళ్లిపోతుంది. రెండోది అక్కడే ఉంటుంది, ఎదుటి మనిషి మాట వింటుంది కూడా.

* * *

మాచునూర్ కథ నిజానికి టీవీతో మొదలవుతుంది. 1975 ఆగస్టు 1న అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకదాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని, మన దేశం ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగం పేరు సైట్. సాయంత్రమైతే బడి ముందు పెట్టె పెట్టేవారు, ఊరు ఊరంతా కూర్చునేది. ఎరువులు, కుటుంబ నియంత్రణ, శుభ్రత. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి హితబోధ. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్లిపోయింది.

ఆ సైట్‌లో కార్యక్రమాలు చేసిన దూరదర్శన్ మనిషి పి.వి. సతీశ్. చెప్పేవాడు ఒకచోట, వినేవాడు ఇంకోచోట ఉండే ఆ పనిలో ఆయన దగ్గర దగ్గర ఇరవై ఏళ్లు గడిపాడు. ఆయన, కొందరు స్నేహితులు కలిసి 1983లో జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. డీడీఎస్ అంటే అక్కడ అందరికీ తెలుసు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు. వాళ్ల నోట అది 'సంగం'. ఆ సంగాలు పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చాయి, కొర్ర, సామ, జొన్న ఇత్తనాలను ఇళ్లలో దాచాయి, ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర నడిపాయి.

1990ల నడుమ యునెస్కో సాయంతో రేడియో మాట వచ్చింది. మీకు రేడియో ఎందుకు అని సంగం ఆడవాళ్లను అడిగారు. ఇంట్లో ఆకాశవాణి ఉంది, టీవీ వస్తోంది, ఇంకోటెందుకు?

నేను ఆ రోజు చెట్టు కింద కూర్చున్న ఒక మనిషిని ఊహించుకుంటాను. తల మీద కొంగు, చేతిలో గడ్డపార పట్టిన కాయలు.

"రేడియోల ఎవుసం ముచ్చట చెప్తరు. గని మా ఎవుసం గాదు. మందు గొట్టు, సంచెడు యూరియా ఎయ్యి అంటరు. మా తాన యూరియా యాడిది? మా కొర్ర ముచ్చట ఎన్నడన్న చెప్పిన్రా?"

"మరి మీ ముచ్చట మీరే చెప్పుకుంటే?"

"మా మాటల చెప్తే అర్థమైతది. రేడియోల మాట్లాడే మాట మా బిడ్డలకే సగం తెల్వది."

మాటలు నావే అయినా, ఆ సంప్రదింపుల్లో ఆడవాళ్లు చెప్పిన సారం ఇదే. మా భాష, మా పంట, మా బాధ. జహీరాబాద్ తెలుగులో కన్నడం కలుస్తుంది, ఉర్దూ కలుస్తుంది, సరిహద్దు అవతలి మరాఠీ వాసనా తగులుతుంది. ఆ తెలుగు మీద పట్నంలో జోకులు వేసుకునేవారు. రేడియోలో అది వినపడటం అంటే, నవ్వులపాలైన మాటకు కుర్చీ వేయడం.

1998 నాటికి స్టూడియో సిద్ధమైంది. ఆ ప్రాంతపు ఆడపిల్లలే రికార్డింగు, కోత, కూర్పు నేర్చుకున్నారు. మీట నొక్కితే చాలు. మీట నొక్కితే జైలు.

* * *

ఎందుకు జైలు? 1885 నాటి టెలిగ్రాఫు చట్టం ప్రకారం తీగ మీద పోయే మాటా, తీగ లేకుండా పోయే మాటా సర్కారు సొత్తు. సిపాయిల తిరుగుబాటు జరిగిన ముప్పై ఏళ్లలోపు తెల్లదొరలు రాసుకున్న చట్టం అది. కబురు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లదేనని వాళ్లకు బాగా తెలుసు. దొరలు పోయారు, చట్టం ఉండిపోయింది.

దానికి గండి కొట్టింది ఏ ఉద్యమమో అనుకుంటాం. కాదు, క్రికెట్! 1993లో హీరో కప్ పోటీలను ప్రసారం చేసే హక్కు ఎవరిదన్న దగ్గర బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ తగువొచ్చింది. సంఘం ఒక విదేశీ కంపెనీకి హక్కులిచ్చింది, దూరదర్శన్ కాదంది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. ముగ్గురు న్యాయమూర్తులు విన్నారు: పి.బి. సావంత్, ఎస్. మోహన్, మన తెలుగాయన బి.పి. జీవన్‌రెడ్డి. 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చారు. సర్కారు గుత్తసొత్తు కాదు, డబ్బున్నవాడి సొత్తు అంతకన్నా కాదు; ప్రజల మేలు కోసం ఒక స్వతంత్ర సంస్థ వాటిని చూసుకోవాలన్నారు.

గాలికి పట్టా వచ్చిందన్నమాట. దేశంలో ప్రతి మనిషి పేరుమీదా.

మన్యం మనుషులకు చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. పట్టా వేరు, స్వాధీనం వేరు. కాగితం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటుంది, భూమిని ఇంకెవడో దున్నుకుంటాడు. గాలి విషయంలోనూ అదే జరిగింది. తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2001లో, బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ మొదలైంది. వేలంపాటలో కోట్లు పెట్టి పాడుకున్నవాళ్లు సినిమా పాటలు, సబ్బుల ప్రకటనలు వినిపించారు. మాచునూర్ మైకు మీద గుడ్డ కప్పే ఉంది. 2002 చివర్లో కేంద్రం కాస్త మెత్తబడి విశ్వవిద్యాలయాలు, ఐఐటీల వంటి చదువుల సంస్థలు రేడియో పెట్టుకోవచ్చంది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం అన్నా ఎఫ్ఎం మొదలుపెట్టింది. చదువుకున్నవాడి నోటికి లైసెన్సు ఇవ్వొచ్చు, చదువుకోనివాళ్ల నోటికి ఇస్తే ఏం మాట్లాడతారో! అలా అని ఏ ఉత్తర్వులోనూ రాయలేదు లెండి. రాయకుండానే నడిచింది.

ఆగలేనివాళ్లూ ఉన్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' నడిపారు. ఊరు దాటితే వినపడని రేడియో అది. 2003లో అధికారులు వచ్చి దాన్ని ఆపించేశారు. ఊరి చావడిలో నలుగురు మాట్లాడుకున్నంత దూరం పోయే మాటకు కూడా ఢిల్లీ అనుమతి లేదని అందరికీ తెలిసొచ్చింది.

మాచునూర్ ఆడవాళ్లు అందుకే మీట జోలికి పోలేదు. అలాగని ఊరుకోనూ లేదు. రికార్డు చేశారు. విత్తనం దాచే పద్ధతి, మంత్రసాని చెప్పే జాగ్రత్తలు, బతుకమ్మ పాటలు, పశువుల రోగాలు, కూలి రేట్లు. ఆ క్యాసెట్లను సంచుల్లో వేసుకుని ఊరూరా సంగం మీటింగులకు తీసుకుపోయి టేపురికార్డర్‌లో వినిపించారు. వందల గంటలు అలా పోగయ్యాయి. గాలిలో ఎగరాల్సిన మాట పదేళ్లు కాలినడకన తిరిగింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ నడకే. ప్రారంభోత్సవం ఫొటోలు పేపర్లలో పడతాయి. లైసెన్సు వస్తుందో రాదో తెలియకుండా, ఎప్పుడో ప్రసారం కాబోయే కార్యక్రమాన్ని ఇవాళే శ్రద్ధగా కోసి కూర్చుకున్న మనుషుల ఫొటో ఎవరు తీస్తారు? వానాకాలం ఎండాకాలం పది తిరిగాయి. స్టూడియోలో దుమ్ము దులుపుతూనే ఉన్నారు.

ఒకామె అడిగి ఉంటుంది: "రోజు రికార్డు జేస్తున్నవు గదా, ఎవలింటరే?"

"ఇయ్యాల సంగపోళ్లింటరు. రేపు ఊరంత ఇంటది."

"రేపంటే ఎన్నడు?"

దానికి జవాబు 2006 నవంబరు 16న దొరికింది. సముదాయ రేడియో పెట్టుకునే హక్కు స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తూ కేంద్ర మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. డీడీఎస్ దరఖాస్తు పెట్టింది. సమాచార శాఖ, హోం శాఖ, రక్షణ శాఖ, ఫ్రీక్వెన్సీలు పంచే విభాగం అన్నీ సరేననేసరికి మరో రెండేళ్లు. అప్పటికి గ్రామీణ మహిళా దినోత్సవమని ఐక్యరాజ్యసమితి కొత్తగా ఒక రోజు ప్రకటించింది. మొదటిసారి దాన్ని జరుపుకున్నది 2008 అక్టోబరు 15న. సంగం రేడియో సరిగ్గా ఆ రోజునే గాలెక్కింది. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో దేశంలో లైసెన్సుతో మొదలైన తొలి సముదాయ రేడియో అది. అదే అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాలో రేడియో బుందేల్‌ఖండ్ మొదలైంది. ఇవాళ దేశంలో సముదాయ రేడియోలు, విద్యాసంస్థలవి కూడా కలిపి, 500 పైనే.

ఈ ఆడవాళ్లు రేడియోతో ఆగలేదని కూడా చెప్పాలి. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అని పెట్టుకుని కెమెరాలు భుజానికెత్తుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి పోయి, సీజన్ మొదలు నుంచి చివరిదాకా వాళ్లతో మాట్లాడి సినిమా తీశారు. పత్తి గురించి కంపెనీలు చెప్పేది ఒకటి, చేలో కనపడేది ఇంకోటి అని ఆ సినిమాలు దేశం దాటి చెప్పాయి. రైతు ముందు మైకు పెట్టిన మనిషి కూడా రైతే అయితే అడిగే ప్రశ్న మారుతుంది. ఎకరాకు ఎంతొచ్చింది అని ఆగరు. కూలీలకెంత పోయింది, మిత్తి ఎంత, కట్టె మిగిలిందా, పశువు తింటదా అని అడుగుతారు.

* * *

ఇక కొండెక్కుదాం.

విశాఖ ఆకాశవాణి 1963 ఆగస్టు 4న మొదలైంది. సముద్రం ఒడ్డున ఉన్న స్టేషను. అరకులోయ సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చితమోగొండి. ఎఫ్ఎం తరంగం చూపులాంటిది. తిన్నగా పోతుంది, ఎదురుగా కొండ వస్తే ఆగిపోతుంది. కొండ ఈవల పాట, ఆవల గరగర. పాత మీడియం వేవ్ కాస్త నేలను పట్టుకుని పాకుతుంది గానీ, ఇప్పటి సెల్‌ఫోన్లలో అది రాదు. అంచేత ఈ కొండల్లో రేడియో అంటే కొండ మీదే ఉండాలి. లోయకొకటి ఉండాలి. ఒక్క పెద్ద స్టేషను పెట్టి పది మండలాలను ఏలుదామంటే కుదరదు. చిన్న ట్రాన్స్‌మిటర్లే నయం. సముదాయ రేడియోకు చట్టం ఒప్పుకునేది వంద వాట్ల పవరు, ముప్పై మీటర్ల స్తంభం. మైదానంలో అది చిన్నతనం. లోయలో సరిగ్గా సరిపోయే కొలత.

గాలికొండ అన్న పేరే చూడండి. కాఫీ తోటల మీద గాలి హోరెత్తే కొండ. అక్కడికి టూరిస్టులు ఫొటోల కోసం పోతారు.

ఘాట్ ఆవల, ఒడిశా కోరాపుట్‌లో ఒక సముదాయ రేడియో ఉంది. సోవా అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని నడుపుతోంది. పేరు రేడియో థింసా. మోరి, కిరిడి, తుడుం, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వలయంగా తిరిగే థింసా ఆట అరకుదీ, కోరాపుట్‌దీ. రాష్ట్రాల గీత మధ్యలో గీసుకున్నది. కిరండూల్ పోయే రైలెక్కితే అరకు నుంచి కోరాపుట్ పూటలో చేరొచ్చు. రైలు పోయిన దారిన రేడియో రాలేదు, అడ్డంగా కొండలున్నాయి.

ఈ కొండల మాటలు వినడానికి చెవులిచ్చిన తెలుగువాడు ఒకడున్నాడు. గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వ్యావహారిక భాష అని ఉపన్యాసాలిస్తాం. ఆయన పర్లాకిమిడి నుంచి సవర గూడేలకు కాలినడకన తిరిగి ఆ భాష నేర్చుకున్నాడు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అడవి జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన చెవులను దెబ్బతీసింది. సవరల మాట వినడానికి పోయి వినికిడి పోగొట్టుకున్న మనిషి పేరు మీద పండుగ చేసుకునే మనం, ఆ కొండ భాషల్లో రోజుకు ఎన్ని నిమిషాలు రేడియో వింటున్నామో ఒకసారి లెక్కేసుకోవచ్చు.

బడి మాత్రం కొంత నయం. 2003-04లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు వాచకాలు తయారు చేయించే పని మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. లిపి తెలుగుదే, మాట పిల్లలది. అంటే కువిలో పాఠం రాయొచ్చని సర్కారే ఒప్పుకుంది. రాసినదాన్ని మైకు ముందు చదివించడం రాయడం కన్నా కష్టమేమీ కాదు. పైగా ఈ భాషల్లో చాలావాటికి బలం కాగితం మీద కాదు, గొంతులో ఉంది. లిపి లేదని లోకం వాటిని చిన్నచూపు చూస్తుంది. రేడియోకు లిపి అక్కర్లేదు. ఏ మాధ్యమమైనా ఈ కొండల కోసమే పుట్టిందనిపిస్తే అది రేడియోనే.

* * *

1997 జులై 11. మళ్లీ సుప్రీంకోర్టు. ఈసారి వ్యాజ్యం క్రికెట్ గురించి కాదు, బొర్రా గుహల దగ్గర నిమ్మలపాడు భూముల గురించి. అనంతగిరి మండలంలో గిరిజనుల నేలను ప్రభుత్వం గనుల కోసం ఒక కంపెనీకి లీజుకిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదనే చట్టం, ఏజెన్సీలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన 'వన్ ఆఫ్ సెవెంటీ', ప్రభుత్వానికీ వర్తిస్తుందని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ మెజారిటీ తీర్పిచ్చారు. సర్కారైనా సరే, గిరిజనేతర కంపెనీకి ఆ నేల ఇవ్వకూడదు.

రెండేళ్ల తేడాతో రెండు తీర్పులు. ఒకటి కాళ్ల కింది నేల గురించి, ఇంకోటి తల మీది గాలి గురించి. నేల తీర్పు ఈ కొండల్లోనే పుట్టింది, దాని పేరు చెబితే గూడెంలో ముసలివాళ్లు కూడా గుర్తుపడతారు. గాలి తీర్పు పేరు అరకు సంతలో ఎవరినైనా అడిగి చూడండి. తెలియని హక్కును ఎవరు అడుగుతారు?

అయితే తప్పంతా తెలియకపోవడానిదే అంటే అన్యాయం. లైసెన్సు దారి కష్టమైనదే. హోం శాఖ అనుమతి కావాలి. ఏజెన్సీ అనగానే ఫైలు మీద వేలు ఆగుతుంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ మావోయిస్టులు కాల్చి చంపారు. అలాంటి చోట ట్రాన్స్‌మిటర్ ఇస్తే ఎవరి చేతికి పోతుందోనన్న అనుమానం పోలీసులకు ఉంటుంది. ఆ అనుమానానికి నా దగ్గర ఒకటే సమాధానం: గుట్టుగా మాట్లాడేవాడు వంద వాట్ల స్తంభం పాతి, 90.4 అని ఊరికి చెప్పి, పేరు చెప్పుకుని మాట్లాడడు. రేడియో బహిరంగం. ఠాణాలో కూర్చుని కూడా వినొచ్చు.

ఖర్చు ఇంకో గోడ. ఫ్రీక్వెన్సీ వాడుకున్నందుకు ఏటా 19,700 రూపాయలు కట్టాలన్నారు మొదట. 2012లో దాన్ని ఒక్కసారిగా 91,000 చేశారు. దేశమంతటా సముదాయ రేడియోలు గోల చేస్తే వెనక్కి తగ్గారు. గోల చేయడానికి అప్పటికే వాళ్ల చేతుల్లో మైకులున్నాయి కాబట్టి సరిపోయింది.

మూడో చిక్కు వార్తలు. సముదాయ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టో, తమ భాషలోకి అనువదించో తిరిగి వినిపించవచ్చు, అంతే. ఈ నిబంధన మీద నాకు కోపముంది. వాగు పొంగి దారి తెగితే, డోలీలో మోసుకొస్తున్న బాలింత అవతలి గట్టున ఆగిపోతే, అది ఏజెన్సీలో వార్తా, సమాచారమా? ప్రైవేటు టీవీలు రోజంతా వార్తల పేరుతో ఏం చూపిస్తున్నాయో చూస్తున్నాం. వాళ్లను నమ్మి, గూడెం గొంతును నమ్మకపోవడం ఏ లెక్క?

బయటి దేశాలు ఈ లెక్క మనకన్నా ముందే తేల్చుకున్నాయి. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆదివాసులు 1980లోనే కామా అనే ప్రసార సంస్థను తమ భాషల్లో మొదలుపెట్టారు. 1988లో ఇంపార్జా పేరుతో సొంత టీవీ తెచ్చుకున్నారు. ఉపగ్రహం నుంచి దూరపు నగరాల కార్యక్రమాలు తమ ఇళ్లలో కురవబోతున్నాయని తెలిసి, మా పిల్లల ముందు మా ముఖాలు కూడా ఉండాలని పట్టుబట్టి తెచ్చుకున్న టీవీ అది. 1999లో కెనడాలో మూలవాసుల జాతీయ టీవీ ఏపీటీఎన్ వచ్చింది. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటనలో 16వ అధికరణం సూటిగా చెబుతుంది: తమ భాషల్లో సొంత ప్రసార మాధ్యమాలు పెట్టుకునే హక్కు వాళ్లకుంది. ఆ ప్రకటనకు అనుకూలంగా ఓటేసిన దేశాల్లో మనదీ ఒకటి.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ విని, రేపు ఏ సంస్థో కొండెక్కి, స్టూడియో కట్టి, కింది నుంచి అనౌన్సర్లను తెచ్చి, కువి పాటలు మధ్య మధ్యలో వేస్తే అది జీపు మైకుకు తమ్ముడవుతుంది. మాచునూర్‌లో జరిగింది అది కాదు. కార్యక్రమం ఏదో సంగం తేల్చింది, మైకు ముందు కూర్చున్నది ఆ ఊళ్ల ఆడవాళ్లు, ఏడు నుంచి తొమ్మిది అన్న వేళ కూడా చేను నుంచి ఇల్లు చేరి పొయ్యి మీద ఎసరు పెట్టుకునే మనిషిది. అరకు వైపు ఆ వేళ వేరు కావచ్చు. సంత రోజు పొద్దున్నే మిరియాల ధర చెప్పడం కావచ్చు, ఇటుకల పండగ రాత్రి ఆట కావచ్చు. దాన్ని తేల్చాల్సింది గూడెం.

గాలికి పట్టా రాసినాయనా, మాచునూర్‌లో మైకు పెట్టించినాయనా ఇప్పుడు లేరు. సావంత్ 2021 ఫిబ్రవరి 15న, సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూశారు.

అరకు, పాడేరు, అనంతగిరి, డుంబ్రిగూడ, ముంచంగిపుట్టు వైపు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై మూడేళ్లకు తక్కువ కాకుండా పని చేసిన గిరిజన సంఘం ఏదైనా ఈ పేజీ చదువుతుంటే, ఒక్క మాట. సముదాయ రేడియోకు మీరు అర్హులు. పరికరాలకు కేంద్రం కొంత సాయమిచ్చే పథకమూ ఉంది. దరఖాస్తు కోసం ఢిల్లీ పోనక్కర్లేదు, బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో పెట్టుకోవచ్చు. ఆ పోర్టల్‌ను 2022 ఏప్రిల్ 4న తెరిచారు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టిందీ ఆ రోజే.